అమ్మ తుంటి కీలు 19 ఏళ్ళకు వదులైంది: రివిజన్ ఆపరేషన్ ఫలితాలు నిజంగా ఎలా ఉంటాయి?

గోస్తనీతీరం | 9 ఫిబ్రవరి 2025

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మకు ఇప్పుడు 65 ఏళ్ళు. 2006లో ఎడమ తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడిందని, అంటే ఏవీఎన్ అని తేల్చి, హైదరాబాదులో సిమెంటు లేని పద్ధతిలో కీలు మార్చారు. ఆ కాలు ఎంత బాగా పనిచేసిందంటే అందులో లోహం ఉందన్న సంగతే మేము మరచిపోయాం. చివరి ఎక్స్‌రే ఎప్పుడు తీయించామో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

మొన్న దసరా నుంచి గజ్జలో నొప్పి మొదలైంది. అంతకంటే ముందే అమ్మ ఇంకొకటి కనిపెట్టింది. ఎంత సమానంగా కట్టుకున్నా చీర కుచ్చిళ్ళు ఎడమ పక్క నేలకు రాసుకుంటున్నాయని, కాలు పొట్టి అవుతోందేమోనని అంది. మేము నవ్వి ఊరుకున్నాం. ఇప్పుడు ఎక్స్‌రే చూసిన డాక్టరు గారు కీలులో బంతి తిరిగే కప్పు పైకి జరిగిందనీ, దాని వెనక కటి ఎముక కొంత కరిగిపోయిందనీ, రివిజన్, అంటే పాత భాగాలు తీసి కొత్తవి పెట్టే ఆపరేషన్, చేయాలనీ చెప్పారు. అమ్మ మాత్రం నడుస్తున్నంత కాలం నడవనివ్వమంటోంది. మొదటి ఆపరేషన్ అంత బాగా ఈ రెండోది ఉంటుందా? ఈ వయసులో చేయించడం మేలా, ఆగడం మేలా? చేయించుకున్నవారు, తెలిసినవారు చెప్పగలరు.

రంపం_సుత్తి | 9 ఫిబ్రవరి 2025

నేను ఎముకల శస్త్రవైద్యుణ్ణి. రోగిని చూడకుండా సలహా ఇవ్వడం పద్ధతి కాదు కనుక, ఈ ప్రశ్నను ఎలా అడగాలో మాత్రం చెబుతాను.

రివిజన్ అన్నది ఒక ఆపరేషన్ పేరు కాదు, ఒక పది రకాల ఆపరేషన్లకు మనం పెట్టుకున్న ఉమ్మడి పేరు. కప్పు లోపలి ప్లాస్టిక్ పొర, అంటే అరిగిన లైనరు, బంతి మాత్రమే మార్చి గంటన్నరలో ముగించేది రివిజనే. తొడ ఎముకలోకి దించిన లోహపు కాడ, అంటే స్టెమ్, గట్టిగా అతుక్కుంటే దాన్ని బయటికి తీయడానికి తొడ ఎముకను పొడవునా తలుపులా తెరిచి, తీసిన తరువాత తీగలతో కట్టి, కొత్త పొడవాటి స్టెమ్ దింపేదీ రివిజనే. ఈ రెండింటి ఫలితాలను కలిపి ఒక శాతం చెబితే అది మీ అమ్మగారికి ఏమాత్రం ఉపయోగపడదు. అందుకని మొదట అడగవలసినది, కీలు ఎందుకు విఫలమైంది అని. అరుగుదల వల్ల వదులైందా, ఇన్ఫెక్షన్ వచ్చిందా, మాటిమాటికీ జారిపోతోందా, లోహం పక్కన ఎముక విరిగిందా, లోహపు రజను వల్ల కండరం దెబ్బతిన్నదా? ఒకే పేరున్న ఆపరేషన్ ఈ అయిదింటిలోనూ అయిదు రకాలుగా ముగుస్తుంది. కారణం తెలియకుండా, నొప్పి ఉంది కదా అని తెరిచిన తుంటి బాగుపడడం అరుదు.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది చాలావరకు అరుగుదల కథలా ఉంది. ఆ రోజుల్లో వాడిన మామూలు ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి కంటికి కనబడని రజనుగా రాలుతుంది. ఆ రజనును మన శరీర కణాలు మింగి, అరిగించుకోలేక, కొన్ని రసాయనాలను వదులుతాయి. అవి పక్కనున్న ఎముకను కరిగించే కణాలను రెచ్చగొడతాయి. ఈ వ్యవహారంలో చెడ్డ సంగతి ఏమిటంటే, ఎముక కరుగుతున్నంత కాలం నొప్పి ఉండకపోవచ్చు. కప్పు కదిలినప్పుడే నొప్పి వస్తుంది, అప్పటికి గోడ సగం పోయి ఉంటుంది. "నడుస్తున్నాను కదా" అనే మాట నేను వారానికి ఒకసారైనా వింటాను. కొత్త కప్పు కూర్చోవడానికి ఎంత ఎముక మిగిలిందన్నదాని మీదే రేపటి ఫలితం చాలావరకు ఆధారపడుతుంది, ఆగిన ప్రతి నెలా ఆ మిగులులోంచే ఖర్చవుతుంది.

ఇక మూడు పనులు. ఒకటి, ఇన్ఫెక్షన్ ఉందేమో సూచించే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్త పరీక్షలు చేయించి, అవసరమైతే కీలులోంచి సూదితో నీరు తీసి, అందులో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్‌కు పంపాలి. మెల్లగా ముదిరే ఇన్ఫెక్షన్ కూడా అచ్చం వదులైన కీలులాగే కనిపిస్తుంది. సూది పరీక్షకు ముందు కనీసం రెండు వారాలు యాంటీబయాటిక్ ఏదీ వేసుకోకూడదు. పక్కవీధి మందుల షాపులో తెచ్చిన అయిదు బిళ్ళలు కల్చర్‌ను అబద్ధం చేయగలవు. రెండు, సీటీ స్కాన్ తీయించండి, ఎముక లోటు ఎక్స్‌రేలో కనబడేదానికంటే చాలాసార్లు ఎక్కువే ఉంటుంది. మూడు, 2006 నాటి ఫైలు వెతకండి. ఆపరేషన్ నోట్స్ పేజీలో అమర్చిన భాగాల పెట్టెల మీది స్టిక్కర్లు అంటించి ఉంటాయి. నాకు ఈ మూడింటిలోనూ అదే ముఖ్యం.

లెక్కల_మాస్టారు | 10 ఫిబ్రవరి 2025

డాక్టరు గారు కారణాలు చక్కగా చెప్పారు కానీ అంకెలు తప్పించుకున్నారు. రోగి ఇంటివారికి అంకె కావాలి. నూటికి ఎందరికి మళ్ళీ చెడుతుంది? ఎన్నేళ్ళకు? ఉమ్మడి శాతమైనా సరే, అది ఉమ్మడిదని చెప్పి ఇవ్వవచ్చు కదా.

లాంక్షైర్_వాన | 10 ఫిబ్రవరి 2025

మాస్టారు గారికి నమస్కారం. నేను ఇంగ్లండ్‌లో ఎముకల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడ అమర్చే ప్రతి తుంటి వివరాలూ, రోగి అంగీకారంతో, 2003 నుంచి జాతీయ కీళ్ళ రిజిస్ట్రీలో చేరుతున్నాయి కనుక లెక్క చెప్పగల స్థితి ఉంది.

మొదటి ఆపరేషన్ సంగతి ముందు. ఆస్ట్రేలియా, ఫిన్లండ్ రిజిస్ట్రీల సమాచారంతో 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, తుంటి మార్పిళ్ళలో 25 ఏళ్ళు నిలిచేవి సుమారు 58 శాతం. అంటే అమ్మగారి కీలు 19 ఏళ్ళు పనిచేయడం వైఫల్యమేమీ కాదు, అది తన ఆయుష్షు తీర్చుకున్నట్టే.

రివిజన్‌కు 2022లో లాన్సెట్ రుమటాలజీలో ఇక్కడి రిజిస్ట్రీ లెక్కలే వచ్చాయి. మొదటి రివిజన్ చేసిన తుంటుల్లో 21 శాతానికి 15 ఏళ్ళలోపు మళ్ళీ ఆపరేషన్ అవసరమైంది. రెండో రివిజన్ అయినవాటిలో దాదాపు అదే నిష్పత్తి, 22 శాతం, ఏడేళ్ళకే చెడింది. మూడో రివిజన్ తరువాత అదే 22 శాతానికి మూడేళ్ళు చాలాయి. 15, 7, 3. ప్రతిసారీ కాలం సగానికి సగం తగ్గుతూ వస్తోంది. మొదటి మార్పిడికీ మొదటి రివిజన్‌కూ మధ్య ఎడం ఎక్కువైనవారికి ఫలితం మెరుగ్గా ఉందని కూడా అదే అధ్యయనం చెబుతోంది. ఆ లెక్కన 19 ఏళ్ళ ఎడం అమ్మగారికి కలిసొచ్చే విషయమే.

ఒక చిన్న పక్కమాట. ఈ చికిత్సకు నేటి రూపమిచ్చిన సర్జన్ జాన్ చార్న్‌లీ మా కౌంటీలోని రైటింగ్టన్ ఆసుపత్రిలోనే పనిచేశాడు. మొదట ఆయన వాడిన టెఫ్లాన్ కప్పులు కొద్ది ఏళ్ళలోనే ఘోరంగా అరిగిపోగా, సుమారు 300 మందికి మళ్ళీ ఆపరేషన్లు చేయవలసి వచ్చింది. ఆ తరువాత టెఫ్లాన్ పొడినీ కొత్త ప్లాస్టిక్ పొడినీ తన తొడలోకే ఎక్కించుకుని శరీరం దేనికి ఎలా స్పందిస్తుందో చూసుకున్నాడు. 1962 నవంబరులో కొత్త ప్లాస్టిక్ మొదలైంది. ఒక రకంగా రివిజన్ సర్జరీ వయసు కూడా తుంటి మార్పిడి వయసంతే.

లెక్కల_మాస్టారు | 11 ఫిబ్రవరి 2025

అంకెలకు కృతజ్ఞతలు. అయితే వాటిని చదివే పద్ధతి గురించి రెండు మాటలు చెప్పనివ్వండి, లేకపోతే ఎవరో ఒకరు "79 శాతం గ్యారంటీ" అని వాట్సాప్‌లో పెట్టేస్తారు.

రిజిస్ట్రీ లెక్కపెట్టేది మళ్ళీ ఆపరేషన్ జరిగిందా లేదా అన్నదాన్ని. నొప్పితో బాధపడుతూ, ఇక చాలు అని కత్తికి ఒప్పుకోని మనిషి ఆ లెక్కలో విజయంగానే నిలుస్తాడు. మూడో రివిజన్‌ను గుండె తట్టుకోదేమోనని డాక్టరే వద్దన్న మనిషీ అంతే. ఇక ఆ లెక్కలోని రోగులు ఎక్కువగా ఎముకల అరుగుదలతో డెబ్బయ్యో పడిలో మొదటి ఆపరేషన్ చేయించుకున్న ఇంగ్లండ్ వాసులు. మన దగ్గర తుంటి మార్పిడికి వచ్చేవారిలో ఏవీఎన్‌తో, నడుము బిగుసుకుపోయే ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్‌తో నలభైల్లోనే వచ్చేవారు ఎందరో. స్టెరాయిడ్లూ, మద్యమూ అందులో ఎంత పని చేస్తున్నాయో డాక్టర్లకు తెలుసు. నలభైలో కీలు మారినవాడికి ఎనభై వచ్చేలోపు ఎన్ని రివిజన్లు పడతాయో ఇంగ్లండ్ సగటు చెప్పదు.

రంపం_సుత్తి | 11 ఫిబ్రవరి 2025

మాస్టారు చెప్పిన రెండు అభ్యంతరాలూ న్యాయమైనవే. మొదటిదానికి తోడుగా ఒకటి. మొదటి మార్పిడి తరువాత నొప్పి పోవడం ఎంత నాటకీయంగా ఉంటుందో రివిజన్ తరువాత అంత ఉండదు. నొప్పి తగ్గుతుంది, చాలామందికి బాగా తగ్గుతుంది, కానీ కొంత ఒరిగి నడవడం, దూరం వెళితే చేతికర్ర పట్టుకోవడం చాలామందికి మిగిలిపోతాయి. ఇది నేను ఆపరేషన్‌కు ముందే చెబుతాను. తరువాత చెబితే సాకులా వినిపిస్తుంది.

రెండోసారి | 14 ఫిబ్రవరి 2025

ఈ చర్చలో అరుగుదల గురించే మాట్లాడుతున్నారు కనుక ఇన్ఫెక్షన్ అయిన మనిషిగా నా అనుభవం రాస్తాను. నాకు 52 ఏళ్ళు, షుగర్ ఉంది. 2017లో కుడి తుంటి మార్చారు. పద్నాలుగు నెలల తరువాత మచ్చ పక్కన చిన్న పొక్కు లేచి, పగిలి, సన్నగా నీరు కారడం మొదలైంది. మొదట చూపించిన చోట దాన్ని చర్మం మీది కురుపు అన్నారు. మూడు నెలల పాటు బిళ్ళలు మారుస్తూ పోయారు. బిళ్ళ వేసినప్పుడు ఆగేది, మానగానే కారేది. ఆ మూడు నెలల మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది.

చివరికి వేరే ఊళ్ళో చూపిస్తే సూది పెట్టి నీరు తీశారు, లోపల స్టెఫైలోకోకస్ అనే బ్యాక్టీరియా ఉందని తేలింది. రెండు అంచెల్లో చేశారు. మొదటి ఆపరేషన్‌లో మొత్తం లోహం తీసేసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటుతో బంతి ఆకారంలో ఒక తాత్కాలిక ముద్ద పెట్టారు. దానితో తొమ్మిది వారాలు గడిపాను. ఆ కాలంలో కాలు నాది కాదు. పక్క మీద తిరగాలంటే మా ఆవిడ మోకాలి కింద చెయ్యి పెట్టి, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టి తిప్పేది. సిమెంటు ముద్ద ఎముక మీద రాసుకునే శబ్దం నాకు తప్ప ఎవరికీ వినిపించేది కాదు. సీఆర్‌పీ దిగిన తరువాత రెండో ఆపరేషన్‌లో కొత్త కీలు పెట్టారు.

ఇప్పటికి ఆరేళ్ళు దాటింది. ఇన్ఫెక్షన్ తిరిగి రాలేదు. కాలు ఒకటిన్నర సెంటీమీటర్లు పొట్టి, చెప్పులో మడమ కింద అట్ట పెట్టుకుంటాను. కింద కూర్చోలేను. మా ఊరి గుడిలో నాకొక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంచుతారు. ఇది విజయమా అంటే, నా వరకు విజయమే.

రంపం_సుత్తి | 15 ఫిబ్రవరి 2025

రెండోసారి గారూ, మీరు రాసినది నా విద్యార్థులకు చదివి వినిపించవలసిన విషయం. మార్పిడి అయిన కీలు మచ్చ నుంచి నీరు కారితే అది కీలులోంచి వస్తోందనే అనుకుని మొదలుపెట్టాలి, కాదని పరీక్షలే రుజువు చేయాలి.

చదివేవారి కోసం రెండు విషయాలు చేరుస్తాను. ఒకటి, రెండు అంచెల పద్ధతే ఎప్పుడూ తప్పనిసరి కాదు. బ్రిటన్, స్వీడన్‌లలో 140 మందితో చేసిన ఇన్ఫార్మ్ అధ్యయనం 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. తీసిన రోజే కొత్తది పెట్టినవారికీ, రెండు అంచెల్లో చేసినవారికీ 18 నెలల నాటికి నొప్పిలోనూ నడకలోనూ తేడా కనబడలేదు, మొదటి మూడు నెలలు మాత్రం ఒకే అంచెవారు మెరుగ్గా ఉన్నారు. క్రిమి ఏదో ముందే తెలిసి, చర్మం, కండరం బాగున్నవారికి ఆ దారి ఆలోచించవచ్చు. రెండు, సూదిమందు ఆరు వారాలూ నరంలోకే ఎక్కాలన్న పాత నమ్మకాన్ని 2019లో వచ్చిన ఒవైవా అధ్యయనం సడలించింది. 1,054 మందిలో మొదటి వారం తరువాత సరైన బిళ్ళలకు మారినవారి ఫలితం నరంలోకి తీసుకున్నవారికి తీసిపోలేదు. సరైన బిళ్ళ అన్న మాట గమనించండి. అది కల్చర్ చూసి ఎంచినది, షాపువాడు ఇచ్చినది కాదు. ఇక ఆపరేషన్ అయిన తొలి వారాల్లోనే ఇన్ఫెక్షన్ పట్టుబడితే, గట్టిగా ఉన్న లోహాన్ని ఉంచేసి, లోపల కడిగి, బంతి, లైనరు మాత్రం మార్చి కాపాడే అవకాశం ఉంటుంది. ఆ కిటికీ త్వరగా మూసుకుపోతుంది.

మందుల_చీటీ | 17 ఫిబ్రవరి 2025

నేను మందుల, పరికరాల దుష్ఫలితాల నమోదు రంగంలో పనిచేస్తాను. డాక్టరు గారు స్టిక్కర్ల గురించి ఎందుకంత పట్టుబడుతున్నారో ఏఎస్ఆర్ అనే తుంటి కీలు ఉదంతం చెబితే అర్థమవుతుంది.

జాన్సన్ అండ్ జాన్సన్ వారి డెప్యూ సంస్థ చేసిన ఏఎస్ఆర్‌లో బంతీ లోహమే, కప్పూ లోహమే. కప్పు సగం గోళం కంటే లోతు తక్కువ కావడంతో కొంచెం వాలుగా కూర్చున్నా బంతి అంచు మీద రాసుకుని కోబాల్టు, క్రోమియం రజను రాలేది. ఆస్ట్రేలియాలో 2009 చివరికే అమ్మకం ఆపారు. ఇంగ్లండ్ రిజిస్ట్రీలో అయిదేళ్ళకే ఎనిమిదింట ఒకటి చొప్పున రివిజన్‌కు వస్తున్నట్టు కనిపించాక 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అప్పటికి సుమారు 93,000 మందికి అమర్చారు.

మన దేశంలో దాదాపు 4,700 ఆపరేషన్లు జరిగాయి. వారిలో కంపెనీ సహాయ కేంద్రంలో నమోదైనవారు సుమారు వెయ్యిమందే. తక్కినవారు ఎక్కడున్నారో, తమ ఒంట్లో ఉన్నది అదేనని వారికి తెలుసో లేదో చెప్పగలిగే రిజిస్టరు ఏదీ లేదు. డాక్టర్ అరుణ్ అగర్వాల్ అధ్యక్షతన కేంద్రం వేసిన కమిటీ 2018లో కనీసం 20 లక్షల రూపాయల పరిహారం సిఫారసు చేసింది. తరువాత ఆర్య కమిటీ వయసు, వైకల్యాలను బట్టి 30 లక్షల నుంచి 1.23 కోట్ల వరకు సూత్రం కట్టింది. దాని మీద కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళి, 2019లో 67 మందికి 25 లక్షల చొప్పున చెల్లించడానికి ఒప్పుకుంది. అమెరికాలో 2013లోనే సుమారు 8,000 మందికి దాదాపు 250 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. ఈ తేడా వెనక న్యాయవ్యవస్థల తేడా ఒక్కటే లేదు. ఎవరి తుంటిలో ఏ నంబరు ఉందో చూపించగల కాగితం కూడా ఉంది.

2015లో గాజియాబాద్‌లోని ఫార్మకోపియా కమిషన్ ఆధ్వర్యంలో వైద్య పరికరాల దుష్ఫలితాలను గమనించే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. అయినా అది వైఫల్యాలు రిపోర్టు చేస్తే నమోదు చేసుకునే వ్యవస్థే తప్ప, అమర్చిన ప్రతి కీలునూ లెక్కపెట్టేది కాదు. అలా లెక్కపెట్టే స్వీడన్ తుంటి రిజిస్ట్రీ 1979 నాటిది.

తుంగభద్ర77 | 17 ఫిబ్రవరి 2025

మా నాన్నగారిది కూడా లోహం మీద లోహం రకమే, వేరే కంపెనీది, 2008లో వేశారు. నొప్పి లేదు. ఏమైనా చేయించాలా?

రంపం_సుత్తి | 18 ఫిబ్రవరి 2025

నొప్పి లేకున్నా ఏటా ఒకసారి చూపించండి. రక్తంలో కోబాల్టు, క్రోమియం పరీక్ష చేయించాలి. బ్రిటన్ నియంత్రణ సంస్థ లీటరుకు 7 మైక్రోగ్రాములు దాటితే శ్రద్ధగా చూడాలంటుంది, కానీ అంతకంటే తక్కువ ఉన్నంత మాత్రాన నిశ్చింత అనుకోకూడదు. లోహపు నీడలను తగ్గించే పద్ధతిలో ఎంఆర్‌ఐ తీస్తే కీలు చుట్టూ చేరిన ద్రవం, గడ్డలు కనిపిస్తాయి. ఈ రకం రివిజన్లలో ఫలితాన్ని చెడగొట్టేది ఎముక కంటే ఎక్కువగా కండరమే. తుంటిని నిటారుగా పట్టే పిరుదు కండరాలు లోహపు రజనుకు చచ్చుబడిపోయాక ఎంత ఖరీదైన కీలు పెట్టినా అది జారుతుంది, మనిషి ఒక పక్కకు వాలి నడుస్తాడు.

గోస్తనీతీరం | 2 మార్చి 2025

ఆలస్యానికి మన్నించండి. ఆసుపత్రిలో 2006 నాటి రికార్డు లేదన్నారు. ఇంట్లో డిశ్చార్జి కాగితం ఒక్కటే ఉంది. అందులో "టోటల్ హిప్, ఎడమ" అని తప్ప ఏమీ లేదు. రెండు వారాలు బీరువాలు, అటక మీద పెట్టెలు వెతికి విసిగిపోయాక నాన్నగారికి తట్టింది. ఆయన అప్పట్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తూ మెడికల్ రీయింబర్స్‌మెంట్‌కు పెట్టారు. ఆ ఫైలు జిరాక్సు ప్రతి, ఆయన పెన్షన్ కాగితాల కట్టలో, గులాబీ రంగు ట్యాగుతో కట్టి ఉంది. స్టిక్కర్ల జిరాక్సు నల్లగా వచ్చి చదవరాలేదు కానీ, దాని వెనకే లోహం అమ్మిన ఏజెన్సీ బిల్లు ఉంది. అందులో నాలుగు భాగాలకూ పేరు, కొలత, నంబరు స్పష్టంగా ఉన్నాయి: కప్పు 50, మామూలు ప్లాస్టిక్ లైనరు, బంతి 28 మిల్లీమీటర్ల లోహానిది, స్టెమ్ టైటానియం, మెడ 12/14 అని.

కీలులోంచి తీసిన నీటిని పద్నాలుగు రోజులు ఉంచి చూశారు, ఏమీ పెరగలేదు. సీటీలో ఎముక లోటును, దాన్ని కొలిచే పాప్రోస్కీ తరగతుల్లో 2బీ అని రాశారు. స్టెమ్ గట్టిగానే ఉన్నట్టుంది అన్నారు.

రంపం_సుత్తి | 2 మార్చి 2025

మీ నాన్నగారికి నా నమస్కారాలు. ఆ బిల్లు వల్ల మీ అమ్మగారికి ఎంత మేలు జరిగిందో చెబుతాను. స్టెమ్ గట్టిగా ఉంటే దాన్ని కదపకుండా కప్పు, బంతి మాత్రమే మార్చవచ్చు. కానీ కొత్త బంతి పాత స్టెమ్ మెడ మీద సరిగ్గా కూర్చోవాలి. ఆ మెడ శంకువు కొలత తెలియకపోతే, సరిపోయే బంతి దొరకదన్న ఒక్క కారణంతో, గట్టిగా ఉన్న స్టెమ్‌ను పగలగొట్టి తీయవలసి వస్తుంది. అక్కడ గంటన్నర ఎక్కువ, రక్తం ఎక్కువ, తొడ ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ. 12/14 అని తెలిసినా కంపెనీల మధ్య సూక్ష్మమైన తేడాలుంటాయి కనుక తయారీదారు పేరు కూడా ఉండటం మంచిదైంది. పాత మెడ మీద సెరామిక్ బంతి పెట్టదలిస్తే మధ్యలో టైటానియం తొడుగు ఉన్న రకం వాడతారు, గీతలు పడిన మెడ మీద నేరుగా పెడితే సెరామిక్ పగలవచ్చు.

పగిలిన సెరామిక్ కీళ్ళ సంగతి వచ్చింది కనుక ఒక హెచ్చరిక. అలాంటి రివిజన్‌లో లోహపు బంతి పెట్టకూడదు. లోపల మిగిలిన సెరామిక్ నలుసులు దాన్ని ఆకురాయిలా అరగదీస్తాయి. జర్మనీలోని మార్బుర్గ్ వైద్యులు 2014లో ఇలాంటి రోగిని వర్ణించారు. గుండె బలహీనపడి, చూపూ వినికిడీ తగ్గి వచ్చిన మనిషికి అసలు రోగం తుంటిలోంచి రక్తంలోకి చేరిన కోబాల్టు అని తేలింది.

మీ డాక్టరును ఒక ప్రశ్న అడగండి: కప్పు ఒక్కటే మార్చేటప్పుడు కీలు జారే ప్రమాదం కొంత ఎక్కువ కదా, దానికి డ్యూయల్ మొబిలిటీ రకం ఆలోచిస్తున్నారా అని. చిన్న బంతి పెద్ద ప్లాస్టిక్ బంతిలో, అది కప్పులో తిరిగే ఏర్పాటు ఇది. ఫ్రాన్స్‌లోని సెయింట్ ఎటియెన్‌లో 1970ల్లో బూస్కే రూపొందించాడు. రివిజన్ తరువాత జారడాన్ని ఇది బాగా తగ్గిస్తుంది.

లెక్కల_మాస్టారు | 3 మార్చి 2025

మా ఇంట్లో నాలుగు రీయింబర్స్‌మెంట్ ఫైళ్ళున్నాయి. పారేద్దామని మా ఆవిడ ఏటా భోగికి తీస్తుంది. ఇక తీయనివ్వను.

నడక_నేర్పరి | 4 మార్చి 2025

ఫిజియోథెరపిస్టుగా రెండు సంగతులు. రివిజన్ తరువాత మొదటి ఆపరేషన్ నాటి వేగాన్ని ఆశించకండి. ఎముక ముక్కలు నింపి కప్పు పెట్టినవారికి ఆరు వారాల పాటు కాలి మీద కొంత బరువే వేయమని చెప్పే సర్జన్లు ఎక్కువ, వాకర్ తప్పదు. వెనక నుంచి కోత పెట్టినవారు ఒంగడం, మోకాలు లోపలికి తిప్పడం రెండూ కలిపి చేస్తే కీలు జారుతుంది. మన ఇళ్ళలో ఆ భంగిమ ఎక్కడ వస్తుందో ఆలోచించండి: కింద పడిన తాళాలు తీయడం, పీట మీద కూర్చుని కూరగాయలు తరగడం, నేలమట్టం మరుగుదొడ్డి, ఎత్తు తక్కువ నవారు మంచం. ఆపరేషన్‌కు ముందే కమోడ్ మీద ఎత్తు సీటు, మంచం కాళ్ళ కింద దిమ్మలు ఏర్పాటు చేసుకోండి, డిశ్చార్జి రోజున పరుగెత్తకండి. పాదం పైకి ఎత్తలేకపోతే ఆ రోజే చెప్పాలి. రివిజన్‌లో తొడ వెనక పెద్ద నరం సాగడం మొదటిసారి కంటే ఎక్కువగా జరుగుతుంది.

గోస్తనీతీరం | 21 సెప్టెంబరు 2025

అడిగినవారందరికీ ఇప్పుడు సమాధానం రాస్తున్నాను. ఏప్రిల్ చివర ఆపరేషన్ అయింది. అమ్మను ఒప్పించింది మేము కాదు. సర్జన్ గారు, తరువాత ఇంట్లో దొరికిన 2006 నాటి ఎక్స్‌రే ఫిల్మునూ ఇప్పటిదాన్నీ పక్కపక్కనే కిటికీకి ఆనించి పట్టుకుని, ఎముక తెల్లగా ఉండవలసిన చోట నల్లగా కనబడే భాగాన్ని పెన్నుతో చుట్టి, వచ్చే ఏడాదికి ఈ గీత ఇక్కడిదాకా వస్తే కొత్త కప్పు పెట్టడానికి నాకు చోటుండదమ్మా అన్నారు. అమ్మ ఆ ఫిల్మును చాలాసేపు చూసి, తేదీ ఎప్పుడన్నది.

మూడు గంటలు పట్టింది. స్టెమ్ గట్టిగా ఉంది, తీయలేదు. పాత కప్పు చేత్తో కదిపితే వచ్చేసిందట. దాని వెనక గుంతను దానంగా వచ్చిన ఎముక ముక్కలతో నింపి, గరుకు లోహపు కప్పును మరలతో బిగించి, డ్యూయల్ మొబిలిటీ పెట్టారు. రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. ఖర్చు అడిగినవారికి: స్టెమ్ మార్చకపోతే ఎంత, మార్చవలసి వస్తే ఎంత అని రెండు అంచనాలు ముందే రాయించుకున్నాం, మీరూ అలా అడగండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద వస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కలవండి, చేరాక అడిగితే ఆలస్యమవుతుంది.

గజ్జ నొప్పి పోయింది. వాకర్ ఏడు వారాలు, తరువాత చేతికర్ర. ఇంట్లో కర్ర లేకుండా నడుస్తుంది, బజారుకు పట్టుకుపోతుంది, సాయంత్రానికి కొంచెం ఒరుగుతుంది. కొత్త స్టిక్కర్ల ఫోటో మా నలుగురి ఫోన్లలోనూ ఉంది. ఒకే ఒక్క ఫిర్యాదు: ఇప్పుడు కుచ్చిళ్ళు కుడి పక్కన నేలకు రాసుకుంటున్నాయట, ఎడమ కాలు పొడుగైందంటోంది. కుడి చెప్పులో అట్ట పెట్టాలా?

నడక_నేర్పరి | 21 సెప్టెంబరు 2025

ఇప్పుడే పెట్టకండి. నెలల తరబడి పొట్టి కాలితో నడిచిన నడుము ఆ వాలుకు అలవాటుపడి ఉంటుంది, కాళ్ళు సమానమైనా పొడుగైనట్టే అనిపిస్తుంది. చాలామందికి ఆరు నెలల్లో సర్దుకుంటుంది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో కొలిపించి, నిజంగా తేడా ఉంటే అప్పుడు ఆలోచిద్దాం. అందాకా పక్కకు పడుకుని కాలు పైకెత్తే వ్యాయామం రోజుకు రెండు పూటలా చేయించండి, సర్జన్ గారు సరేనంటేనే.

రంపం_సుత్తి | 22 సెప్టెంబరు 2025

అంతే. ఏడాదికి ఒక ఎక్స్‌రే, తరువాత నొప్పి ఉన్నా లేకున్నా రెండేళ్ళకొకటి. ఈసారి తేదీ గోడ క్యాలెండరు మీద రాయండి.